కోట మిగిలింది, కొలువు మిగల్లేదు

కర్ణాటక సంగీతంలో వయొలిన్ ఎక్కడ వేళ్లూనిందో తేల్చేది వానల లెక్క కాదు, ఆశ్రయం లెక్క. ఇందుకు రాయలసీమలోని గుత్తి కోటే సాక్ష్యం. మురారిరావు ఘోర్పడే ఏలిన ఈ కోటను 1776లో హైదరలీ పట్టుకున్నాడు. 1800లో నిజాం గుత్తితో సహా దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఇంచుమించు ఆ కాలంలోనే బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసులో ఒక ఐరోపా విద్వాంసుడి దగ్గర వయొలిన్ నేర్చి, దాన్ని మన రాగాలకు లొంగదీశారు. నేల మీద కూర్చుని వాద్యం తలను కుడి చీలమండపై ఆనించి, అడుగుభాగాన్ని ఎదకు చేర్చితే ఎడమచేతికి బరువు మోసే పని తప్పుతుంది. వేళ్లు తీగపై జారి గమకం పలికిస్తాయి. ఆ కొత్త వాద్యాన్ని పిలిచి సంభావన ఇచ్చే ఆస్థానం అప్పటికి గుత్తిలో లేదు.

కరవు సీమలో కొలువు ఉన్నా ఒరిగేదేమిటని అనవచ్చు. కానీ దీక్షితులను ఆస్థాన విద్వాంసుడిగా నిలుపుకున్న తమిళనాట ఎట్టయపురం కావేరి ఒడ్డున లేదు. అదీ నల్లరేగడి మెట్టసీమే. అక్కడ జమీందారు ఉన్నాడు, గుత్తిలో శిస్తు కచేరీ మిగిలింది. మరి సంస్థానాలతోపాటే వాద్యమూ పోవాలి కదా అంటే, దానికి ఉత్తరాంధ్రలోని విజయనగరం జవాబు చెబుతుంది. 1919లో అక్కడ సంగీత కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ ఆచార్యుడు. 1936లో ప్రిన్సిపాల్ అయిన నాయుడుగారు పక్కవాద్యాన్ని సోలో కచేరీ స్థాయికి ఎక్కించారు. కొలువు చేసిన పనిని జీతం, తరగతి గది అందుకున్నాయి. గుత్తికి వానతోపాటు కొరవడింది ఆ భరోసాయే.