నంబరు పడని బండి: ఆదోని, ఎమ్మిగనూరు దారుల్లో చాసీ డ్రైవర్లు

కొత్త లారీ ఫ్యాక్టరీ గేటు దాటాక, కొన్నవాడి పేరున నంబరు పడేలోపు వందల కిలోమీటర్లు నడవాల్సి వస్తుంది. అంత దూరం దాన్ని నడిపి, చేర్చాల్సిన చోట అప్పగించి, సంతకం తీసుకుని బస్సో రైలో ఎక్కి వెనక్కి వెళ్లే మనిషిని తెలుగు నాట చాసీ డ్రైవరంటారు. జంషెడ్‌పూర్‌లో ఇదే పని చేసేవాడు కాన్వాయ్ డ్రైవరు, బ్రిటన్‌లో ట్రేడ్ ప్లేట్ డ్రైవరు. కర్నూలు జిల్లా పడమటి భాగంలో, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల, లారీలు తయారుచేసే కర్మాగారం ఎన్నడూ లేదు. పత్తి బేళ్లు మోసిన ప్రతి లారీ ఎక్కడో తయారై ఇక్కడికి వచ్చిందే. దాన్ని ఎవరో ఒకరు తెచ్చి అప్పగించాలి. ఈ ప్రాంతపు రవాణా చరిత్రలో లారీ యజమానికీ, కమీషన్ ఏజెంటుకూ దొరికిన చోటు ఈ పనివాడికి దొరకలేదు.

మోటారు రాకముందు ఈ సమస్య ఇంత చిక్కుగా ఉండేది కాదు. నల్లరేగడి నేలల్లో పండిన పత్తి లంబాడీల ఎద్దుల మీద, ఎడ్లబండ్ల మీద దూర ప్రాంతాలకు పోయేది. బండిని ఊరి వడ్రంగి చేసేవాడు కాబట్టి దాన్ని దూరం నుంచి తేవాల్సిన అవసరం ఉండేది కాదు. తేవాల్సింది ఎద్దులనే. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో జరిగే పశువుల సంతకు కర్ణాటక వైపు నుంచి కూడా రైతులు వస్తారు. అక్కడ కొన్న జత ఊరికి చేరాలంటే నడిపించుకుపోవడమే మార్గంగా ఉండేది. కొన్న సొత్తు తన కాళ్ల మీద తానే నడిచి యజమాని ఇంటికి చేరడం ఈ నేలకు కొత్త కాదు. అయితే ఎద్దుకు నంబరు అక్కర్లేదు, రోడ్డు మీద నడవడానికి సర్కారు అనుమతీ అక్కర్లేదు.

మద్రాసు నుంచి రాయచూరు వెళ్లే రైలుమార్గం 1871లో పూర్తయి బొంబాయి వైపు మార్గంతో కలిసింది. ఆదోని ఆ దారిలో పడింది. ఊరి జిన్నింగ్ మిల్లులకు, పత్తి వ్యాపారానికి అదే ఊపిరి పోసింది. ఆదోనిని రెండో బొంబాయి అని చెప్పుకోవడం వెనక ఉన్నదీ ఈ వ్యాపారమే. ఎమ్మిగనూరుకు మాత్రం రైలు రాలేదు. ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆదోనికి గానీ, మంత్రాలయం రోడ్డు స్టేషన్‌కు గానీ సరుకు రోడ్డు మీదే వెళ్లాలి. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఎదిగాక నూలు రావడానికీ, బట్ట పోవడానికీ ఈ రోడ్డే ఆధారమైంది. ఈ రెండు ఊళ్ల మధ్య లారీకి పని దొరకడానికి మూలం ఈ తేడాలోనే ఉంది.

మోటారు బండికి నంబరు తప్పనిసరి చేసిన నాడే నంబరు లేని బండి సంగతి కూడా చట్టం ఆలోచించాల్సి వచ్చింది. అమ్ముడుపోని వాహనానికి యజమాని పేరు ఉండదు. యజమాని లేనిదే నంబరు రాదు. నంబరు లేనిదే రోడ్డెక్కకూడదు. రోడ్డెక్కకపోతే అమ్మడం ఎలా? బ్రిటన్‌లో 1903 నాటి మోటార్ కార్ చట్టమే తయారీదారులకు, డీలర్లకు ఒక సాధారణ గుర్తు ఇచ్చి, దాన్ని ఏ బండికైనా తగిలించి నడుపుకోవచ్చంది. ఇవాళ బండికి కట్టిన ఆ గుర్తు పలకను, అంటే ట్రేడ్ ప్లేటును, అప్పగింత కాగానే విప్పి, రేపు మరో బండికి కట్టవచ్చు. పలక చేతపట్టుకుని రోడ్డు పక్కన నిలబడితే ఎవరో ఒకరు బండి ఆపి ఎక్కించుకునేవారు. అక్కడి డ్రైవర్ల తిరుగు ప్రయాణం చాలాకాలం అలాగే సాగింది. భారతదేశంలో 1914 చట్టం తర్వాత వచ్చిన 1939 మోటారు వాహనాల చట్టం రిజిస్ట్రేషన్ నిబంధన నుంచి డీలరు దగ్గరున్న వాహనాలకు మినహాయింపు ఇచ్చింది. షరతులు నిర్ణయించే పని రాష్ట్రాలకు వదిలింది. ఆదోని అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఉండేది కాబట్టి ఇక్కడ మద్రాసు నిబంధనలే చెల్లాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు ఆంధ్రలో కలిసి కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌కు సొంత మోటారు వాహనాల నిబంధనలు 1964లో వచ్చాయి.

చాసీ డ్రైవర్ల పనికి అసలైన ఆరంభం కూడా ఆ దశాబ్దాల్లోనే. మద్రాసు దగ్గరి ఎన్నూరులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. జంషెడ్‌పూర్‌లోని టాటాల టెల్కో 1954 నుంచి జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీలు తీసింది. ఆపైన పుణెలో టాటాల కర్మాగారం, 1980లో హోసూరులో లేలాండ్ కర్మాగారం వచ్చాయి. తుంగభద్ర కాలువ నీళ్లు పారి పంటలు పెరగడం, పత్తి మార్కెట్ విస్తరించడం వల్ల ఆదోని ప్రాంతంలో లారీల గిరాకీ కూడా ఆ కాలంలోనే పెరిగింది. ఎన్నూరు బండి రేణిగుంట, కడప, తాడిపత్రి, గుత్తి మీదుగా వచ్చేది. హోసూరు నుంచి బెంగళూరు, అనంతపురం దాటి గుంతకల్, ఆలూరు దారి. పుణె నుంచి వచ్చేది సోలాపూర్, రాయచూరు దాటి తుంగభద్ర మీదుగా మంత్రాలయం వైపు దిగేది. ఇప్పుడు ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, రాయచూరులను కలుపుతున్న 167వ జాతీయ రహదారిలో ఆ పాత దారి ఇమిడి ఉంది.

ఫ్యాక్టరీ అమ్మేది నిండు లారీ కాదు. రెండు ఉక్కు దూలాలు, ఇంజను, గేరుబాక్సు, యాక్సిళ్లు, చక్రాలు, స్టీరింగు, డీజిల్ ట్యాంకు: చాసీ అంటే ఇంతే. కొన్నిటికి ముందుభాగం వరకు రేకు ఉంటుంది, వెనక ఏమీ ఉండదు. మరికొన్నిటికి అదీ ఉండదు. డ్రైవరు కూర్చునేది చెక్కపెట్టె మీదో, బిగించిన పలక మీదో. ముందు అద్దం లేదు, పైన కప్పు లేదు, పక్కన తలుపు లేదు. ఎండ, వాన, ఎదురుగాలి, ముందు పోయే లారీ లేపిన దుమ్ము, రాత్రిపూట కళ్లలో పడే పురుగులు, అన్నీ నేరుగా మనిషికే తగులుతాయి. తలకు తువాలు చుట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని నడపడం అలా అలవాటైంది. తర్వాత హెల్మెట్లు వచ్చాయి.

చూసేవాళ్లకు ఖాళీ బండి నడపడం తేలికనిపిస్తుంది. నిజానికి లోడు లేని చాసీ లోడు లారీ కంటే మొండిది. టన్నుల బరువు మోయడానికి చేసిన కమాన్‌పట్టీలు బరువు లేకపోతే వంగవు. చిన్న గుంత పడినా వెనక భాగం ఎగిరి పడుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే తేలిగ్గా ఉన్న వెనక చక్రాలు బిగుసుకుని జారతాయి, తడి రోడ్డు మీద బండి అడ్డం తిరుగుతుంది. పైగా ఇంజను కొత్తది. కొత్త ఇంజన్ను మొదట్లోనే వేగంగా లాగితే చెడుతుంది కాబట్టి మెల్లగా తేవాలని కంపెనీలు పట్టుబడతాయి. ఆరేడు చాసీలు వరసగా కాన్వాయ్‌గా కదిలితే దారిలో ఒకటి ఆగినా మిగతావాళ్లు సాయపడతారు. ఒక చాసీ ముందు చక్రాలను ఇంకోదాని వెనక భాగం మీదికెక్కించి, రెండు బళ్లను ఒకే డ్రైవరుతో పంపే పద్ధతి కూడా ఉంది.

రాత్రి నిద్ర కూడా బండి దగ్గరే. బ్యాటరీ, స్టెప్నీ, జాకీ, పనిముట్ల సంచి పోయే అవకాశమున్న వస్తువులు. బయలుదేరేటప్పుడు రాసిచ్చిన జాబితా ప్రకారం అన్నీ ఉన్నాయని షోరూం వాళ్లు చూసుకున్నాకే అప్పగింత కాగితం మీద సంతకం పడుతుంది. ఒక గీత కనిపించినా లెక్క డ్రైవరు మీదికి వస్తుంది.

కూలి లెక్క కూడా ప్రత్యేకమైనదే. చాలాచోట్ల కంపెనీ నేరుగా డ్రైవరును పెట్టుకోదు. రవాణా కాంట్రాక్టరు మధ్యలో ఉంటాడు. దూరాన్ని బట్టి డీజిలు, టోలు, బత్తా, తిరుగు ఛార్జీ కలిపి ఒక మొత్తం చేతికిస్తారు. అందులో మిగిలిందే సంపాదన. మిగలాలంటే డీజిలు ఆదా చేయాలి, తిండి తగ్గించుకోవాలి, తిరుగు ప్రయాణం జనరల్ పెట్టెలో చేయాలి. బండి అప్పగించిన మరునిమిషం నుంచి మళ్లీ ఇంకో బండి చేతికి వచ్చేదాకా గడిచే రోజులకు కూలి లేదు. ఈ పనిలో నిజమైన నష్టం రోడ్డు మీద కంటే ఆ ఖాళీ రోజుల్లోనే ఉంది. ఆదోనికి బండి తెచ్చినవాడికి ఒక సౌకర్యం ఉంది: ముంబై, చెన్నై రైళ్లు ఊళ్లోనే ఆగుతాయి. ఎమ్మిగనూరులో దింపినవాడు ముందు ఆదోనికో మంత్రాలయం రోడ్డుకో బస్సెక్కాలి. పనుల కోసం గుంటూరుకు, బెంగళూరుకు వలసపోవడం తెలిసిన ఈ పడమటి పల్లెలకు నెలలో ఎక్కువ రోజులు ఇంటికి దూరంగా గడిపే బతుకు వింత కాదు.

1988 మోటారు వాహనాల చట్టం, 1989 కేంద్ర నిబంధనలు దేశమంతటికీ ఒకే పద్ధతి తెచ్చాయి. డీలరు, తయారీదారు, బాడీ కట్టేవాడు, మరమ్మతుదారు ట్రేడ్ సర్టిఫికెట్ తీసుకోవాల్సి వచ్చింది. అది ఏ పనులకు చెల్లుతుందో 41వ నిబంధన వరసగా చెబుతుంది: పరీక్షించడానికి, తూకానికి తీసుకెళ్లడానికి, కొనేవాడికి నడిపి చూపడానికి, డీలరు నుంచి డీలరుకో కొన్నవాడికో చేర్చడానికి, బాడీ కట్టే షెడ్డుకు పంపడానికి, రైల్వే స్టేషనుకో రేవుకో తీసుకెళ్లడానికి, ప్రదర్శనకు పెట్టడానికి. అప్పు కట్టనివాడి బండిని ఫైనాన్స్ వాళ్లు తెచ్చుకోవడానికి కూడా. సరుకు వేసి కిరాయి సంపాదించడం ఇందులో లేదు. నంబరు పడకుండా బండిని కొన్నవాడి చేతికి ఇవ్వకూడదని 42వ నిబంధన చెప్పింది. ప్రమాదం జరిగితే పరిహారానికి మోటార్ ట్రేడ్ బీమా వేరుగా ఉంది. సర్టిఫికెట్ ఎవరిది, ఎన్నాళ్లు చెల్లుతుంది, ఏ రిజిస్టరులో రాయాలి అన్నదంతా ఇంత వివరంగా రాసిన నిబంధనల్లో, కప్పులేని చాసీ మీద కూర్చునే మనిషి ఊసు లేదు.

చాసీ షోరూంకు చేరినా ప్రయాణం పూర్తయినట్టు కాదు. తాత్కాలిక రిజిస్ట్రేషన్, అంటే టీఆర్ నంబరు, వేయించుకుని బాడీ కట్టించడానికి పంపాలి. టీఆర్ గడువు మొదట నెల రోజులే. బాడీ షెడ్డులో ఆలస్యమైతే పొడిగింపు దొరికేది. స్థానికంగా తొట్టి కట్టే వడ్రంగులు, కమ్మరులు ఉన్నా పెద్ద పేరు విజయవాడ ఆటోనగర్‌ది, తమిళనాడులో నామక్కల్‌ది. ఆదోని నుంచి విజయవాడ నాలుగు వందల కిలోమీటర్లకు పైనే. ఒకే లారీ సరుకు మోయకముందే ఫ్యాక్టరీ నుంచి షోరూంకు, అక్కడి నుంచి ఆటోనగర్‌కు, మళ్లీ ఆదోనికి మూడు ప్రయాణాలు చేసేది. చివరికి బ్రేకు ఇన్‌స్పెక్టరు చూశాక ఏపీ 21తో మొదలయ్యే కర్నూలు జిల్లా నంబరు పడేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరస రావడంతో, నంబరు చూసి జిల్లా చెప్పే వీలు పోయింది.

చిన్న లారీల రాక ఈ దూరాలను కొంత తగ్గించింది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో తేలికపాటి వాహనాలు తీసింది. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి పోయింది. 1986లో వచ్చిన టాటా 407 పల్లె నుంచి మార్కెట్‌కు సరుకు తేవడంలో చోటు సంపాదించుకుంది.

కార్ల కథ వేరు. 1983 డిసెంబరులో మొదటి మారుతి రోడ్డెక్కాక కార్ల సంఖ్య పెరిగింది. మీటరు తిరిగిన కారును కొత్తదిగా ఒప్పుకోవడానికి కొనేవాడు ఇష్టపడడు. లారీ కొనేవాడికి ఆ పట్టింపు లేదు. అందుకే కార్లు రెండంతస్తుల క్యారియర్ లారీల మీదికీ, పాత ప్రయాణికుల పెట్టెలను మార్చి రైల్వే చేసిన ఎన్ఎంజీ వ్యాగన్లలోకీ ఎక్కాయి. పెనుకొండ దగ్గర 2019 ఆగస్టులో కియా సెల్టోస్ అమ్మకానికి సిద్ధమై బయటికొచ్చినప్పుడు రాయలసీమకు పెద్ద కార్ల కర్మాగారం దక్కింది. కానీ అక్కడి నుంచి కార్లు దూర ప్రాంతాలకు వెళ్లేది క్యారియర్ల మీద, రైళ్ల మీద. కారు అప్పగించే డ్రైవరు ఆదోనిలో ఇప్పుడు కనిపించేది స్టాక్‌యార్డు నుంచి షోరూంకు, షోరూం నుంచి కొన్నవాడి ఇంటికి మధ్యనే.

చాసీల విషయంలోనూ పద్ధతులు మారుతున్నాయి. సరుకు రవాణా వాహనాల బాడీలకు ప్రమాణాలు వచ్చాక కంపెనీలే క్యాబిన్‌తో, కొన్నిసార్లు తొట్టితో సహా లారీని ఇస్తున్నాయి. 2017 డిసెంబరు నుంచి కొత్త నాలుగు చక్రాల వాహనాలకు ఫాస్టాగ్ అంటించే ఇవ్వాలన్నప్పుడు, ముందు అద్దమే లేని చాసీకి ఎక్కడ అంటించాలన్న ప్రశ్న వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు ముందు యజమానే పెట్టించుకోవాలని నిబంధనలోనే చెప్పాల్సి వచ్చింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, పూర్తిగా తయారైన వాహనానికి అదే రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ దరఖాస్తును డీలరే చేయాలి. దాంతో టీఆర్ అవసరం చాలామందికి తప్పింది. 2020లో కేంద్రం పలకల రంగులు స్పష్టం చేసింది: తాత్కాలిక నంబరుకు పసుపు మీద ఎర్ర అక్షరాలు, డీలర్ల దగ్గరి వాహనాలకు ఎరుపు మీద తెల్ల అక్షరాలు. 2022లో ట్రేడ్ సర్టిఫికెట్ గడువు ఏడాది నుంచి 5 ఏళ్లకు పెరిగింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు లారీల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. ఆ లారీని ఎన్నూరు నుంచో పుణె నుంచో ఆదోనికి తెచ్చే డ్రైవరుకు అద్దం, కప్పు, తలుపులతో పాటు చల్లగాలి కూడా దొరుకుతుంది. బస్సు బాడీ కట్టడానికి వెళ్లే చాసీలు మాత్రం ఇప్పటికీ ముందుభాగంతోనో అదీ లేకుండానో రోడ్డు మీద కనిపిస్తున్నాయి.