బరంపురపు ఇండ్లలో వాల్వు రేడియో

గంజాము జిల్లా 1936 ఏప్రిల్ 1వ తేదీన మదరాసు రాజధాని నుండి విడివడి, క్రొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రములో చేరినది. జిల్లా అంతయు చేరలేదు. బరంపురము ఇటు వచ్చినది, ఇచ్చాపురము అటు మిగిలినది. వియ్యములు, వర్తకములు ఎప్పటివలెనే సాగినవి గాని, బడిపుస్తకములును కచేరీ కాగితములును మెల్లమెల్లగా వేరు భాషలోనికి మారినవి. ఆ కథను పెద్దలు పలుమారులు చెప్పియున్నారు. ఇక్కడ చెప్పదలచినది ఆ కాలమున మన ముందుగదులలో బల్లమీద కొలువైన ఒక కొయ్యపెట్టెను గురించి.

మదరాసులో ఆలిండియా రేడియో కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమైనది. అనగా మనము మదరాసు పాలన నుండి తొలగిన రెండేండ్లకు ఆ మదరాసు నుండియే తెలుగు మాట గాలిలో రాసాగినది. పిదప 1948లో ఒక విశేషము జరిగినది. జనవరి 28న కటకములోను, డిసెంబరు 1న విజయవాడలోను రేడియో కేంద్రములు వెలసినవి. ఒకే సంవత్సరమున ఒడియాకును తెలుగునకును చెరియొక గొంతు లభించినది. బరంపురపు తెలుగు కుటుంబము ఆ రెండింటి నడుమ నిలిచినది.

కటకము మనకు చేరువ. విజయవాడ రైలు మార్గమున ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. అయినను చీకటిపడిన పిమ్మట దానిని వినుటకు వీలుండెడిది. పగటివేళ ఎండవలన ఆకాశమున ఏర్పడు క్రింది విద్యుత్పొర మీడియం వేవు తరంగములను మ్రింగివేయును. రాత్రి ఆ పొర సన్నగిల్లగా, తరంగములు పైపొరను తాకి దూరదేశమున మరల నేలకు దిగును. పగలు ఒడియా, రాత్రి తెలుగు అని ప్రకృతియే మనకు పంపకము చేసినదా అనిపించును! 1963లో విశాఖపట్నము కేంద్రము వచ్చిన తరువాత తెలుగు కొంత దగ్గరైనది.

విదేశములలో నేడు పాత వాల్వు టెలివిజను సెట్లను బాగుచేయుట ఒక గొప్ప వేడుక. మన దేశమున టెలివిజను ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ఆరంభమైనను, బొంబాయికి 1972లో గాని రాలేదు. అది గంజామునకు చేరుసరికి వాల్వుల యుగమే గడచినది. కనుక మనకు దక్కిన వాల్వు పెట్టె రేడియోయే.

ఫిలిప్సు, మర్ఫీ, బుష్, జి.ఇ.సి. అను పేర్లు ఎరుగని పాత ఇల్లు అరుదు. సెట్టు ఉన్నవారు తపాలా కచేరీలో ఏటేట రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొనవలసి యుండెడిది. 1952 ప్రాంతమున ఆలిండియా రేడియో సినిమా పాటలను దూరముచేయగా జనులు షార్టువేవులో సిలోను వైపు ముల్లు త్రిప్పిరి. 1957 అక్టోబరు 3న వివిధ భారతి ఆరంభమగుటకు ఇదియు ఒక కారణమే.

ఇట్టి పెట్టెను అటుకమీద నుండి దింపినవారు మొదట చేయు పని తీగను గోడలోని ప్లగ్గునకు తగిలించుట. ఇది కూడదు. విద్యుత్తును వడగట్టు ఎలక్ట్రోలిటిక్ కండెన్సరులలో అల్యూమినియపు రేకుపై సన్నని పొర యుండును. ఏండ్ల తరబడి విద్యుత్తు సోకనిచో ఆ పొర క్షీణించును. ఒక్కసారిగా పూర్తి వోల్టేజి నిచ్చినచో కండెన్సరు పగులును, దానితోబాటు ట్రాన్స్‌ఫార్మరు కూడ కాలును. పాత మరమ్మతుదారుల పద్ధతి సులువైనది: తంతువు గల ఒక బల్బును సెట్టుతో వరుసగా కలిపి విద్యుత్తు నిచ్చెదరు. లోపల దోషమున్నచో బల్బు పెద్దగా వెలిగి హెచ్చరించును. (ఆ బల్బే నేడు అంగడిలో వెదకవలసిన వస్తువైనది.)

పిమ్మట చూడవలసినది మైనపు కాగితపు కండెన్సరులను. మన గాలిలో సముద్రపు తేమ యున్నది. గోపాలపురము ఎంతయో దూరము కాదు. తేమ పట్టిన కండెన్సరు కారును. ముఖ్యముగా చివరి వాల్వుయొక్క గ్రిడ్డునకు ముందున్నది కారినచో, ఆ వాల్వు హద్దుమీరి కరెంటును లాగి తాను చెడి, ఇతరములను చెరచును. పది పైసల వస్తువు వంద రూపాయల వస్తువును చంపుట యనగా ఇదే. దానిని తప్పక మార్చవలెను. ట్రాన్స్‌ఫార్మరు లేని ఏ.సి./డి.సి. సెట్లలో ఇనుప చట్రమే మెయిన్సుతో కలిసియుండును గనుక, తెలియనివారు వెనుక అట్ట తీయరాదు. వాల్వులను మాత్రము తొందరపడి పారవేయరాదు. అన్నిటికంటె ఎక్కువకాలము మన్నినవి తరచుగా అవియే.

డయలు అద్దము సంగతి వేరు. దానిపై ఊళ్ల పేర్లు లోపలివైపున అచ్చువేయబడి యుండును. మురికి యని తడిగుడ్డతో తుడిచినచో మదరాసు, కలకత్తా, సిలోను అన్నియు ఒక్క క్షణములో గుడ్డకు అంటుకొని పోవును. కండెన్సరు మరల దొరకును. ఆ అక్షరములు దొరకవు. పొడి కుంచెతో ధూళి దులిపి ఊరకుండుట మేలు.

నేడు కొందరు పెట్టెలోని సరుకంతయు పెరికివేసి, క్రొత్త స్పీకరు నమర్చి, సెల్‌ఫోను పాటలు వినుచున్నారు. వారి ఇల్లు, వారి పెట్టె. కాని దానిని పునరుద్ధరణ యనుట నాకు సమ్మతము కాదు. మన పెద్దలు ఆ పెట్టెను కొన్నది నగిషీ కొఱకు కాదు. పొరుగున ఎవరును మాటలాడని సాహిత్యపు తెలుగును, నాటకమును, హరికథను, వార్తలను వినుటకు కొన్నారు. బడిలో ఒడియా నేర్చిన పిల్లవాని చెవికి ‘ప్రాంతీయ వార్తలు’ అను మాటలోని ఒత్తులు సరిగా సోకినది ఆ గుడ్డ తెర వెనుకనుండియే. ఆ పని చేసిన యంత్రము ఆ పనికే మరల లేవవలెను. క్రొత్త కండెన్సరును పాతదాని గుల్లలో దాచి అమర్చవచ్చును. తీసిన భాగములను ఒక డబ్బాలో వేసి పెట్టెలోనే ఉంచవచ్చును.

లేచిన పెట్టెకు వినుటకేమున్నది యని అడుగువారు కలరు. ఈ సెట్లలో సాధారణముగా ఎఫ్.ఎం. పట్టీ లేదు. ఇండ్లలోని విద్యుద్దీపములును ఛార్జరులును చేయు గరగర మీడియం వేవును కమ్మివేయుచున్నది. అయినను రాత్రి తొమ్మిది దాటిన తరువాత, ఇంటిలోని ఛార్జరులన్నియు తీసివేసి, పెరటిలో ముప్పది అడుగుల రాగితీగను ఏరియలుగా కట్టి, ముల్లును నెమ్మదిగా త్రిప్పి చూడవలెను.

పెట్టె తెరచినప్పుడు చట్రముపై మునుపటి మరమ్మతుదారు పెన్సిలుతో వ్రాసిన తేదీలున్నచో వాటిని చెరపరాదు. లైసెన్సు పుస్తకము వెనుక నుండి దొరకినచో ముద్రలను చదివి, ఏ సంవత్సరమున ఏ తపాలా కచేరీలో రుసుము కట్టిరో వేరొక కాగితముపై ఎత్తి వ్రాసికొని, పుస్తకమును యథాస్థానమున ఉంచవలెను. ఇప్పటి మరమ్మతు తేదీని పాత తేదీల క్రిందనే పెన్సిలుతో వ్రాయవలెను.