చేతులు మారిన కార్లు

కార్ల తయారీకి ప్రభుత్వ లైసెన్సు కావాల్సిన కాలంలో మన దేశంలో కారు కొనాలంటే డబ్బుతో పాటు ఓపిక కూడా ఉండాలి. ఫియట్ కోసం పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అందుకే, అడిగిన వెంటనే దొరికే పాత బండి కొత్తదాని కన్నా ఎక్కువ ధర పలికిన రోజులున్నాయి. బేరానికి వెళ్లేవారు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకునేవారు. ఆయన ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీసి చూసేవాడు. అందులోంచి గుప్పుమని పొగ ఎగదన్నితే రింగులు అరిగినట్టు లెక్క. ఆయన పెదవి విరిస్తే బేరం అక్కడితో సరి.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. కొత్త కార్లు సులువుగా దొరకడంతో పాతవాటి ధర దిగి, మధ్యతరగతికి అందింది. 2001లో మారుతి సంస్థే ట్రూ వాల్యూ పేరుతో పాత కార్ల అమ్మకంలోకి దిగింది. మెకానిక్ మాటకు పోటీగా కంపెనీ వారంటీ వచ్చింది.

ఇప్పుడు పాత కార్ల సంతలో అందరూ అడిగే కాంపాక్ట్ ఎస్‌యూవీకి రూపం ఇచ్చింది ఇంజినీర్ల కన్నా పన్నుల వాళ్లే అనాలి. 2006 కేంద్ర బడ్జెట్ చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించింది. పొడవు 4 మీటర్లు దాటకూడదని, ఇంజిన్ పెట్రోల్‌దైతే 1,200 సీసీ, డీజిల్‌దైతే 1,500 సీసీ మించకూడదని షరతు పెట్టింది. 2013లో వచ్చిన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ పొడవు 3,999 మిల్లీమీటర్లు. గీతకు ఒక్క మిల్లీమీటరు ఇవతల! 2016 నాటి విటారా బ్రెజా 3,995.

వీటిని పాతవిగా కొనేవారికి చరిత్ర అక్కరకొస్తుంది. బ్రెజా 2020 దాకా డీజిల్‌తోనే వచ్చింది కనుక అంతకు ముందుది పెట్రోల్‌లో దొరకదు. దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ 2021లో ప్రకటించింది కనుక ఎకోస్పోర్ట్ కొనేముందు విడిభాగాల సంగతి కనుక్కోవాలి. హైదరాబాద్ బండికైతే నంబరు ప్లేటే సగం జాతకం చెబుతుంది: 2014 జూన్‌కు ముందుదైతే ఏపీ, ఆ తర్వాత టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ.

బండిని కొన్నవారి పేరుకు మార్చే కాగితాల పని మాత్రం పెద్దగా మారలేదు. ఫారం 29, ఫారం 30, వేరే రాష్ట్రపు బండైతే ఎన్‌ఓసీ, అప్పుంటే బ్యాంకు నుంచి ఫారం 35. డబ్బు చేతికందగానే అమ్మినవాళ్లు వీటిని మరిచిపోవడం పాత అలవాటు. అలా చేతులు మారిన కారు ప్రమాదం చేస్తే, ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే యజమానిగా పరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చింది.