మన జిల్లాల జమాఖర్చు: ఒక చారిత్రక పరిశీలన

‘జిల్లా’ అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. ఆ భాషలో దానికి పక్కటెముక అనీ, ప్రక్క అనీ అర్థం. తాలూకా, తహశీలు, జమాబందీ, ఖజానా, జమ, ఖర్చు మొదలైన మాటలన్నీ ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి దిగినవే. ఈనాడు బడ్జెట్ అంటున్నదాన్ని మన పెద్దలు జమాఖర్చు అనేవారు. మాటలు మనవే, సరే. మరి లెక్క ఎవరి చేతిలో ఉండింది? రోడ్డు ఎక్కడ వేయాలి, కాలువ ఎక్కడ తవ్వాలి, ఏ వూరు నీళ్ళలో మునగాలి అనే నిర్ణయాలు కర్నూలు, కడప జిల్లాల్లో ఎవరు చేసినారు, ఎవరి సొమ్ముతో చేసినారు అనే సంగతి మాకు చేతనైన మేరకు ఇక్కడ వివరించదలచాము.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీవారికి దత్తం చేయగా, థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి శిస్తు కుదిర్చాడు. 1808లో కడప జిల్లా విడిగా ఏర్పడింది. కర్నూలు మాత్రం నవాబుల క్రిందనే ఉండి, 1839లో గులాం రసూల్ ఖాన్ పదవి పోయిన తరువాత కంపెనీ చేతిలో పడి, 1858లో కలెక్టరు జిల్లా అయింది.

అదే 1858లో మరొక పెద్ద నిర్ణయం జరిగింది, అదీ లండనులో. తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, కడప దాకా సుమారు 190 మైళ్ళు కాలువ తవ్వడానికి మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. ఆర్థర్ కాటన్ దొరగారి ప్రోత్సాహం దీనికి ఉన్నది. కాలువ నీళ్ళూ ఇస్తుంది, పడవలూ నడుపుతుంది అన్నారు. పది లక్షల పౌన్ల మూలధనం మీద వాటాదార్లకు నూటికి అయిదు వడ్డీ తప్పకుండా ముట్టేటట్లు ప్రభుత్వం హామీ ఇచ్చింది. లాభం వస్తే కంపెనీది, రాకపోతే వడ్డీ ప్రజల పన్నులోంచి! ఈ బేరంలో నష్టపోయే వీలు లేనివాడు లండనులోని వాటాదారు ఒక్కడే.

మన రైతును ఎవరూ అడగలేదు. కుందూ లోయలోది నల్లరేగడి. వాన పడితే జొన్న, పత్తి దానంతట అవే పండుతాయి. అటువంటి భూమికి రేటు కట్టి నీళ్ళు కొనమంటే రైతు ముందుకు రాలేదు. కరువు ఏడు నీళ్ళ కోసం ఎగబడినారు, మరుసటేడు వాన పడగానే మళ్ళీ మానుకున్నారు. దీన్ని దొరలు రైతుల అజ్ఞానమన్నారు. లెక్క తెలిసినవాడు చేసే పనే రైతు చేశాడని మా అభిప్రాయం. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కొని ఆ హామీని వదిలించుకున్నది. అదే నేటి కె.సి. కెనాల్. కర్నూలులో హంద్రీ నది మీదుగా ఆ కాలువను దాటించిన అక్విడక్టును చూడని కర్నూలువాడు ఉండడు.

ఈలోగా 1876-78 కరువు వచ్చింది. గంజి కేంద్రాలు, రాళ్ళు కొట్టే పనులు, అందులోనూ కూలి తగ్గింపు. రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన ఒక అణా చాలునని టెంపుల్ దొర లెక్క కట్టాడు. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూస్తే కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గినారు.

స్థానిక పాలన ఈ కాలంలోనే మొదలైంది. 1871 లోకల్ ఫండ్ చట్టం, తరువాత రిప్పన్ ప్రభువు 1882 తీర్మానం, దాని మీద 1884 లోకల్ బోర్డుల చట్టం వచ్చినాయి. జిల్లా బోర్డుకు కలెక్టరే అధ్యక్షుడు. రోడ్లు, ఆస్పత్రులు, సత్రాలు, టీకాలు, బడులు బోర్డు పనులు. సొమ్ము ఎక్కడిది? ముఖ్యంగా భూమి శిస్తు మీద రూపాయికి ఇంత అని వేసే సెస్సు. ఇక్కడే ఉన్నది అసలు చిక్కు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో మాగాణి శిస్తు ఎక్కువ, కాబట్టి సెస్సు ఎక్కువ. మనది మెట్ట. శిస్తు తక్కువ, సెస్సు తక్కువ. పైగా కరువు వచ్చిన ఏడు శిస్తు మాఫీ చేస్తే సెస్సూ పోయె. ఆస్పత్రికి జనం ఎక్కువగా వచ్చే సంవత్సరంలోనే బోర్డు సంచి ఖాళీ! ఇది ఒక అధికారి చెడ్డతనం కాదు, చట్టం కుట్టిన సంచి అట్లాంటిది.

అయినా ఆ చిన్న సంచిలోంచే బడులు వచ్చినాయి. ఉర్దూ చెప్పే మహమ్మదీయ పాఠశాలలను బోర్డులు నడిపినాయి. ‘బోర్డు బడి’ అన్న మాట మా పెద్దల నోట మొన్నమొన్నటి దాకా ఉండింది. కాలేజీ మాత్రం బోర్డు వల్ల రాలేదు. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల వెలసింది డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి పట్టుదల వలన.

1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో నీటిపారుదలలో రాయలసీమకు ముందుచూపు ఇస్తామన్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. గుడారాల్లో కచ్చేరీలు నడిచినాయి. మూడేళ్ళకు, 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదు అయింది. 1959 చట్టంతో జిల్లా బోర్డు పోయి, పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తు వచ్చినాయి. అధ్యక్షులు మనవారే. కానీ సొమ్ములో పెద్ద భాగం హైదరాబాదు నుంచి వచ్చే గ్రాంటు, దేనికి ఖర్చు పెట్టాలో రాసుకొనే వచ్చేది.

శ్రీశైలం ప్రాజెక్టు సంగతి వేరే చెప్పాలి. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1981లో నీళ్ళు నిలిపేసరికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు ఖాళీ అయినాయి. ఇళ్ళు, పొలాలు, గుళ్ళు, మసీదులు, గోరీలు అన్నీ నీటి క్రింద. ఇల్లు పోయిన కుటుంబాలకు ఉద్యోగమిచ్చే జీ.వో. 98 వచ్చింది 1986లో, అంటే అయిదేళ్ళ తరువాత. ఆ జీ.వో. క్రింద ఉద్యోగం రాలేదని అర్జీలు పట్టుకొని తిరిగినవారు తరం మారినా ఆగలేదు.

కె.సి. కెనాల్‌కు బచావత్ ట్రిబ్యునల్ 39.9 టి.ఎం.సి.లు కేటాయించింది. పాత కాలువను బాగుచేయడానికి 1996లో జపాను నుంచి అప్పు తెచ్చినారు. మొదట లండను సొమ్ము, తరువాత జపాను సొమ్ము! అయితే 1997 చట్టం ప్రకారం రైతులే ఎన్నుకొనే నీటి సంఘాలు వచ్చినాయి. 1858లో అడగని రైతును 139 ఏళ్ళకు అడిగినారన్నమాట. 1994 పంచాయతీరాజ్ చట్టం కూడ ఈ కాలంలోదే. 73వ రాజ్యాంగ సవరణ 29 అంశాలను పంచాయతీల ముందు పెట్టింది. అంశాలు దిగినంత సులభంగా సొమ్ము దిగలేదు.

ఆఖరుకు కడప జిల్లా మాట. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట కొట్టుకుపోయినంత పనైంది. ప్రాణనష్టం కూడ జరిగింది. అయిదు గేట్లలో ఒకటి పని చేయలేదని కేంద్ర జలశక్తి మంత్రి ఆ డిసెంబరులో రాజ్యసభలో చెప్పారు. రాష్ట్ర ప్రభుత్వం ఆ మాట ఒప్పుకోలేదు. ఆ గేట్ల మరమ్మతు పద్దు జలవనరుల శాఖది. ఏ పంచాయతీ పుస్తకంలోనూ అది లేదు, మునిగింది మాత్రం పంచాయతీలే.