వేర్వేరు సైజుల ఎస్‌ఎస్‌డీలను కలిపి వాడొచ్చా? హోమ్ సర్వర్‌లో చేతికొచ్చే స్టోరేజ్ ఎంతంటే..

పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, తర్వాత కొన్న 1 టీబీవి రెండు. ఫ్యామిలీ ఫొటోలు, వీడియోలు దాచుకునే హోమ్ సర్వర్‌లో ఈ మూడింటినీ కలిపేస్తే 2.5 టీబీ వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. కలపడం కుదురుతుంది. కానీ ఎంత చోటు మిగులుతుంది, ఒక డ్రైవ్ పాడైతే ఫొటోలు ఉంటాయా పోతాయా అన్నది మీరు ఎంచుకునే పద్ధతిని బట్టే ఉంటుంది.

స్టోరేజ్ పూల్ అంటే ఏంటి?

రెండు లేదా అంతకన్నా ఎక్కువ డ్రైవ్‌లను సాఫ్ట్‌వేర్ ఒకే పెద్ద డ్రైవ్‌లా చూపిస్తుంది. అదే స్టోరేజ్ పూల్. ట్రూనాస్‌లో ఉండే జెడ్‌ఎఫ్‌ఎస్, లినక్స్‌లో వాడే బీటీఆర్‌ఎఫ్‌ఎస్, మెర్జర్‌ఎఫ్‌ఎస్ లాంటివి ఈ పని చేస్తాయి.

500 జీబీ + 1 టీబీ + 1 టీబీ పెడితే..

• జెడ్‌ఎఫ్‌ఎస్ రెయిడ్-జెడ్1: సుమారు 1 టీబీ. ఇక్కడ అన్నింటికన్నా చిన్న డ్రైవే లెక్క. మూడింటినీ 500 జీబీగానే చూస్తుంది, అందులో ఒకటి రక్షణకు పోతుంది. ఒక డ్రైవ్ పోయినా డేటా ఉంటుంది.

• బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెయిడ్1: సుమారు 1.25 టీబీ. ప్రతి డేటా ముక్కనూ రెండు వేర్వేరు డ్రైవ్‌లలో రాస్తుంది కాబట్టి మొత్తంలో సగం దక్కుతుంది. అయితే పెద్ద డ్రైవ్ సైజు మిగతావాటి మొత్తాన్ని దాటితే, దాటినంత వృథా.

• మెర్జర్‌ఎఫ్‌ఎస్: మొత్తం 2.5 టీబీ. ఒక్కో ఫైల్ ఒక్కో డ్రైవ్‌లో ఉంటుంది. డ్రైవ్ పోతే అందులోని ఫైళ్లు మాత్రమే పోతాయి. దానంతట అది రక్షణ ఇవ్వదు.

• స్ట్రైప్: ఇదీ 2.5 టీబీనే. కానీ ఏ ఒక్క డ్రైవ్ పోయినా పూల్ మొత్తం గల్లంతే.

తర్వాత పెంచుకోవచ్చా?

రెయిడ్-జెడ్1లో 500 జీబీ డ్రైవ్ తీసి 1 టీబీది పెడితే, ఆటో ఎక్స్‌పాండ్ ఆన్‌లో ఉంటే చోటు సుమారు 2 టీబీకి పెరుగుతుంది. అంతకన్నా చిన్న డ్రైవ్‌తో మార్చడం మాత్రం కుదరదు. 500 జీబీ స్థానంలో 480 జీబీది పనికిరాదు. కొనేముందు ఇది చూసుకోవాలి.

ఈ ఒక్క కమాండ్‌తో జాగ్రత్త!

జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఉన్న డ్రైవ్‌కు కాపీగా ఇంకో డ్రైవ్ పెట్టాలంటే 'అటాచ్' వాడాలి. 'యాడ్' వాడితే అది రక్షణ లేని వేరే భాగంగా పూల్‌లో చేరిపోతుంది. అప్పుడు ఆ కొత్త డ్రైవ్ పోయినా పూల్ మొత్తం పోతుంది. రెయిడ్-జెడ్ ఉన్న పూల్ నుంచి అలా చేరినదాన్ని వెనక్కి తీయలేం. డేటా బయటికి కాపీ చేసి, పూల్ మళ్లీ మొదట్నుంచీ కట్టుకోవాల్సిందే. సైజులు కలవనప్పుడు జెడ్‌ఎఫ్‌ఎస్ హెచ్చరిస్తుంది. దాన్ని చదవకుండా ఫోర్స్ ఆప్షన్ కొట్టేయొద్దు.

ఎస్‌ఎస్‌డీలకు ప్రత్యేకంగా..

చిన్న డ్రైవ్ త్వరగా అరుగుతుంది. ఉదాహరణకు శాంసంగ్ 870 ఈవో 500 జీబీకి కంపెనీ చెప్పే రాత పరిమితి 300 టీబీ, 1 టీబీకి 600 టీబీ. మిర్రర్‌లో రెండింటి మీదా సమానంగా రాస్తారు కాబట్టి చిన్నదానికి పరిమితి ముందే దగ్గరపడుతుంది. పాత డ్రైవ్‌ను కలిపే ముందు స్మార్ట్ రిపోర్ట్‌లో ఎంత అరిగిందో చూడటం మంచిది. ట్రిమ్ ఆన్‌లో ఉందో లేదో కూడా చెక్ చేసుకోవాలి. ఎన్‌వీఎంఈ, సాటా రెండూ కలిపి మిర్రర్ చేస్తే రాసే వేగం నెమ్మదిగా ఉన్నదాన్ని బట్టే వస్తుంది.

చివరిగా ఒక మాట. డ్రైవ్ పాడైతే పూల్ కాపాడొచ్చు. పొరపాటున ఫొటోలు డిలీట్ చేస్తే మాత్రం అన్ని కాపీల్లోనూ పోతాయి. అందుకే తిరిగి తీయలేని ఫొటోలకు సర్వర్ బయట ఇంకో కాపీ ఉండాల్సిందే.