గాదె లెక్క - నెల లెక్క



నెలకు వలసిన కిరాణా సామానునకు ఇంత సొమ్మని ముందుగా నేర్పరచుకొని, ఆ సొమ్ము దాటకుండ నెల గడుపుట యను విషయమును గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయ వచ్చితిని. ఇది వంటయింటి మాట గదా, చరిత్రతో దీనికేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. రాజుల యుద్ధములకు సంవత్సరములున్నట్లే వంటయింటి లెక్కకును సంవత్సరములు కలవు. నేను పుట్టి పెరిగిన జీడిమెట్ల ప్రాంతపు కథయే యిందుకు నిదర్శనము.

నిజాముల కాలమున మేడ్చల్, శామీర్‌పేట మొదలగు గ్రామములున్న యీ నగర పరిసర ప్రాంతమునకు అత్రాఫె బల్దా యని పేరు. పట్టణపు చుట్టుపట్టులని దాని యర్థము. ఆ జిల్లాలో చాల భాగము సర్ఫెఖాస్ భూమి. సర్ఫ్ అనగా ఖర్చు, ఖాస్ అనగా స్వంతము. ఆ గ్రామముల శిస్తు ప్రభుత్వ ఖజానాకు గాక ప్రభువు యొక్క స్వంత ఖర్చునకు పోవుచుండెను. 1949వ సంవత్సరమున సర్ఫెఖాస్ ప్రభుత్వములో కలిసిపోవువరకు ఈ యేర్పాటు నడిచినది. ఒక్క యింటి ఖర్చునకు ఎన్ని యూళ్ల పంటయో చూడుడు! ఆ ఇంటికి ఊళ్లుండెను. ఆ యూళ్లలోని ఇండ్లకు మాత్రము తమ తమ గాదెలే దిక్కు.

ఆ కాలమున నెల లెక్క యనునది రైతు ఇంట లేదు. ఉన్నది ఏటి లెక్క. వానకాలపు ఆబీ పంట, వేసవి తాబీ పంట కళ్లమునకు వచ్చినపుడే సంవత్సరపు బడ్జెటు తీరిపోవుచుండెను. వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి మొదలగు వారి మేర మొదట కొలిచి, శిస్తునకును విత్తనమునకును వేరుగా తీసి, మిగిలినది గాదెకో పాతరకో చేర్చుచుండిరి. పుట్టికి 20 తూములు, తూమునకు 4 కుంచములు. ఇంటిలోపల మానిక, తవ్వ, సోల, గిద్ద. మానిక పరిమాణము ఊరూరికి కొంత భేదించినను, ఏ ఇంటి మానిక ఆ యింటికి ప్రమాణము.

మా నాయనమ్మ మట్టి గాదెకు లోపలి ప్రక్క బొగ్గుతో మూడు గీతలు గీచుచుండెనని మా అమ్మ చెప్పెడిది. ఉగాదికి ధాన్యము మొదటి గీతకు దిగవచ్చును, మృగశిరకు రెండవ గీతకు, దసరాకు మూడవ గీతకు. ముందుగా దిగినచో ఆనాటినుండి పూటకొక సోల తగ్గించి, జొన్నగటక హెచ్చించెడిదట. చదువు రాని ఆమె చేసినది బడ్జెటు గాక మరేమి? రూపాయలతో ఆమెకు పని తక్కువ. ఉప్పునకు, కిరసనాయిలునకు, బట్టకు మాత్రము హాలీసిక్కా రూపాయి బయటికి వచ్చెడిది.

రెండవ ప్రపంచ యుద్ధము 1939 నుండి 1945 వరకు జరిగెను. ఆ రోజులలో మన గాదెలోనికి సర్కారు చేయి వచ్చినది. లెవీ పేర రైతు ధాన్యము కొలిచి యియ్యవలసి వచ్చెను. వస్తువులకు ధరల కట్టడి, పట్టణములలో రేషను ఏర్పడెను. చౌక దుకాణపు బియ్యమును మన తెలంగాణమున నేటికిని కంట్రోలు బియ్యమనుచున్నారు. అది ఆ కాలపు ధరల కట్టడి మిగిల్చిన మాట. ఇంటి తిండిని మనిషికింత యని బయటివారు కొలిచి యిచ్చుట సామాన్యుల కప్పటినుండి అలవాటైనది.

తరువాత కొలతలే మారిపోయెను. హాలీసిక్కా పోయి భారతదేశపు రూపాయి వచ్చెను. 1957 ఏప్రిల్ 1వ తేదీన అణాలు పోయి రూపాయికి 100 నయా పైసలైనవి. 1958 నుండి శేరు, ఛటాకుల స్థానమున కిలోలు, గ్రాములు క్రమముగా ప్రవేశించెను. చేతికి పట్టుబడిన మానిక మూలబడెను. క్రొత్త కిలో దుకాణదారుని త్రాసులో నుండెను గాని, మన ఇంటిలో లేకుండెను. కొలత ఇంటినుండి అంగడికి తరలిపోయిన దినములవి.

అంతలో పొలములును తరలిపోయెను. ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ సంస్థ 1961లో ఏర్పడగా, దాని కర్మాగారమొకటి బాలానగరు చెంత వెలసెను. 1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ స్థాపింపబడెను. ఆ దశాబ్దము నుండి జీడిమెట్ల పారిశ్రామికవాడ పెరిగి, జొన్న పండిన చేలలో రేకుల షెడ్లు లేచినవి. చింతల్, షాపూర్‌నగర్, సుభాష్‌నగర్ ప్రాంతములు కూలిజనముతో నిండెను. రైతు కొడుకు జీతగాడయ్యెను. 1936 నాటి జీతముల చెల్లింపు చట్టము, 1000 మందికి తక్కువగా పనిచేయు కర్మాగారములలో నెల ముగిసిన 7వ రోజు లోపల జీతము ముట్టవలెనని విధించినది. కావున మా వాడలలో నెల 1వ తేదీన గాక 7వ తేదీన పుట్టును. సంవత్సరమునకు రెండు పంటలు చూచిన ఇంటికి ఇప్పుడు సంవత్సరమునకు 12 పంటలు! ఇది భాగ్యమనుకొంటిమి. అయితే పంట చిన్నది. కోసిన వారమునకే కళ్లము ఖాళీ.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. 1982లో నేనొక చిన్న కర్మాగారమున చేరితిని. నెలకు 500 రూపాయలు. ఇంటిలో అమ్మతో కలిసి ఐదుగురము. వీధి చివర కిరాణా దుకాణములో నాకు ఖాతా యుండెను. చేతిలో పైసా లేకున్నను ఉద్దెర పుట్టును. పూటకు కావలసిన పావుకిలో పప్పు, నూరు గ్రాముల నూనె పిల్లవాని చేత తెప్పించితిమి, పుస్తకములో వ్రాయించితిమి. జీతము రాగానే కొంత కట్టితిని, మిగిలినది రాబోవు నెలకు దాటెను. ఇట్లు ఎనిమిది నెలలు గడవగా బాకీ సరిగా ఒక నెల జీతమంత యయ్యెను. దానిని తీర్చుటకు నా భార్య చేతి గాజులు కుదువబెట్టితిని. అవి మరల ఇంటికి రాలేదు. దుకాణదారుడు నన్ను మోసగింపలేదు. అతని పుస్తకము సరిగానే యుండెను. నా పుస్తకమే లేకుండెను.

ఆనాడు అమ్మ నన్ను తిట్టలేదు. ఒక్క మాట యడిగెను: "కొడుకా, మనింటి లెక్క దుకాణమోని పుస్తకంల ఉంటె, ఇల్లు మనదెట్లయితది?" మూలనున్న మానిక తీసి తోమి, మరునాటి నుండి బియ్యము దానితోనే కొలిచెను. ఒక పుస్తకము కొని, గాదె గీతలవలె నెలకు మూడు గీతలు గీయుమనెను: 14వ తేదీకి ఎంత మిగులవలెను, 21కి ఎంత, 28కి ఎంత యని.

ఆ మరుసటి సంవత్సరము, అనగా 1983లో, నందమూరి తారక రామారావు గారి ప్రభుత్వము కిలో 2 రూపాయల బియ్యపు పథకమును ప్రారంభించినది. మనిషికి 5 కిలోలు, కుటుంబమునకు 25 కిలోలకు మించకుండ. మా యైదుగురికి 25 కిలోలు, 50 రూపాయలు. ఈ పథకము లేనిచో మా బాకీ అంత త్వరగా తీరెడిది కాదు. అయినను అదే బియ్యము తిని బాకీ తీర్చలేకపోయిన ఇండ్లును మా వీధిలో నుండెను. ధర తగ్గుట ఒకటి, లెక్క యుండుట మరియొకటి.

పండితులీ విషయమున ఏమనిరో చూతము. జర్మనీ దేశపు గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఎంగెల్ 1857లో కుటుంబముల ఖర్చులు పరిశీలించి, ఆదాయము తక్కువయైన కొలది అందులో తిండికి పోవు వంతు హెచ్చునని నిరూపించెను. మన దేశమున ప్రభుత్వ గృహవ్యయ పరిశీలన ప్రకారము 1999-2000లో పల్లెటూరి ఇంటి ఖర్చులో నూటికి సుమారు 59 రూపాయలు తిండికే పోయెను. 2023-24లో అది సుమారు 47కు తగ్గినది. పట్టణములలో 48 నుండి సుమారు 40కి తగ్గినది. ఇది మంచి మాటయే. కాని మిగిలిన సొమ్ము అద్దెకు, బడికి, వైద్యమునకు పోవుచున్నది. అవి వాయిదా వినవు. కావున ఇరుకున పడిననాడు మనము కోయునది తిండినే.

ఏమి కోయుదుమో అందే ప్రమాదమున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రము శతాబ్దములు మరుగుపడియుండగా, 1905లో మైసూరున శ్యామశాస్త్రిగారు దాని తాళపత్రప్రతిని గుర్తించి, 1909లో అచ్చువేయించిరి. అందొక మనుష్యుని భోజనమునకు కొలత యున్నది. బియ్యము ఒక ప్రస్థము, పప్పు అందులో నాల్గవ వంతు, నెయ్యి గాని నూనె గాని పప్పులో నాల్గవ వంతు, ఉప్పు పప్పులో పదునారవ వంతు. అనగా బియ్యము 64 పాళ్లయినచో పప్పు 16, నూనె 4, ఉప్పు 1. స్త్రీలకు కొంత తగ్గింపుమని ఆ గ్రంథము చెప్పుచున్నది. ఆ మాటను మనము పాటింపనక్కరలేదు.

1958లో మన హైదరాబాదునకు తరలివచ్చి తార్నాకలో నున్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన కొలత యిది: దినమునకు మనిషికి ధాన్యములు 250 గ్రాములు, పప్పులు, గ్రుడ్లు, మాంసము కలిపి 85 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు, కూర, పండు వేరు. నలుగురున్న ఇంటికి 30 దినములకు లెక్కించినచో ధాన్యము 30 కిలోలు, పప్పు మొదలగునవి సుమారు 10 కిలోలు, నూనె 3 కిలోల పైచిల్లర. నేడు తెలంగాణమున కార్డుగల వారికి మనిషికి 6 కిలోల బియ్యము ఉచితముగా లభించుచున్నది; 2025 ఉగాది నుండి సన్నబియ్యమే యిచ్చుచున్నారు. అనగా ఆ ఇంటికి 24 కిలోలు వచ్చెను. కొనవలసినది 6 కిలోలు. అందు జొన్నలు, సజ్జలు చేర్చినచో మరియు మేలు.

చూచితిరా, చరిత్ర ఎట్లు తిరిగినదో! మన తాతల చింతయంతయు ధాన్యము. నేటి ఇంటికి ధాన్యము చింత కాదు. సొమ్ము పోవునది పప్పునకు, నూనెకు. నా పాత పుస్తకములు తిరుగవేసి చూడగా, చేయి బిగిసిన ప్రతి నెలయు పప్పు తగ్గినది, నూనె తగ్గలేదు. పిల్లల బలమును కోసితిమి, వేపుడును కోయలేదు. ఇది మా యింటి తప్పు. మీ యిండ్లలో లేదేని సంతోషము.

కావున మేమనుసరించిన పద్ధతి చెప్పి ముగించెదను. వస్తువులను మూడు తెగలుగా విభజించితిమి. చింతపండు, మిరపకాయ, పసుపు, కందులు ఏటి వస్తువులు. కళ్లమెక్కిన ఋతువుననే, చౌకగా నున్నపుడే, వాటిని కొనవలెను. అందుకై నెలనెలా కొంత సొమ్ము వేరుంచవలెను. బియ్యము, నూనె, ఉప్పు, సబ్బు నెల వస్తువులు. జీతము వచ్చిన దినముననే చిట్టీ వ్రాసుకొని, నగదిచ్చి తేవలెను. కూరగాయలు వారపు వస్తువులు. నెల సొమ్మును నాలుగు వారములకే పంచుట పెద్ద పొరపాటు. నాలుగు వారములు 28 దినములే. మిగిలిన రెండు మూడు దినములే ఉద్దెరకు వాకిలి తెరచును. వాటి సొమ్ము ముందే తీసియుంచవలెను. మా కూకట్‌పల్లివంటి చోట్ల 1999 నుండి వచ్చిన రైతుబజారులు కూరలకు మేలు చేసినవి. దసరా, బోనాలు, సంక్రాంతి నెలలకు చిట్టీ వేరుగా వ్రాయవలెను. పండుగ చెప్పకుండ వచ్చు చుట్టము కాదు గదా! మంచమున్నంతవరకే కాళ్లు చాచవలెనని మన పెద్దలనిరి. ముందు మంచము కొలత తెలియవలెను.

పెద్దలారా, గాదె, మానిక, కళ్లము కన్నులార చూచిన చివరి తరమువారము మనము. మన కోడండ్రకు, మనుమలకు చేతిలో ఫోను కలదు. వస్తువు గడపలోనికే వచ్చును. సొమ్ము కంటికి కనబడకుండ పోవును. వారిని నిందింపకుడు. మీ ఇంటిలో మానిక యున్నచో అటకనుండి దింపి వారి చేతికిండు. నెల మొదట చిట్టీ వ్రాయునపుడు ప్రక్కన కూర్చుండి, మీ యింట గాదె లెక్క ఎట్లు నడిచెనో చెప్పుడు. నా భార్య గాజులు పోయిన పిదప నేను నేర్చుకొన్నది, వారు గాజులుండగనే నేర్చుకొందురు గాక.