అడవి, నిప్పు, ప్రజలు: నియంత్రిత దహనంపై వ్యతిరేకత – చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• నియంత్రిత దహనం అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• అడవిలో నిప్పుపై వలస ప్రభుత్వం విధించిన నిషేధాన్ని, దాని ఫలితాలను చర్చించగలుగుతారు.
• రక్షిత ప్రాంతాల్లో నిప్పు విషయమై ప్రజలు వ్యక్తం చేసే వ్యతిరేకతకు గల కారణాలను విశ్లేషించగలుగుతారు.

1. ప్రవేశిక

చిలమత్తూరు మండలం కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉంది. 2022 వరకు అనంతపురం జిల్లాలో భాగంగా ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. సంక్రాంతి దాటిందంటే ఇక్కడి రాతికొండల మీద బోదగడ్డి పూర్తిగా ఎండిపోతుంది. ఎండాకాలంలో రాత్రిపూట కొండవాలున నిప్పు వరస కట్టి పాకడం ఈ సీమలో పుట్టి పెరిగిన మీకు తెలిసిన దృశ్యమే. తెల్లవారితే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. గొర్రెలకాపరులే అంటించారని కొందరంటారు. ఫారెస్టువాళ్లు ఫైర్ లైను కాలుస్తుంటే చెయ్యి దాటిపోయిందని మరికొందరంటారు. ఈ రెండు ఆరోపణలనూ అర్థం చేసుకోవాలంటే దాదాపు నూట నలభై ఏళ్ల చరిత్రను పరిశీలించాలి.

ముందుగా ఒక నిర్వచనం. పెద్ద మంటలు రాకుండా చూడడానికి గాని, గడ్డిని, చెట్లను పునరుద్ధరించడానికి గాని, ముందే నిర్ణయించిన చోట, నిర్ణయించిన కాలంలో, తగిన జాగ్రత్తలతో పెట్టే నిప్పును 'నియంత్రిత దహనం' అంటారు. అనుకోకుండా చెలరేగే కార్చిచ్చు వేరు, ఇది వేరు. ఈ రెంటికీ ఉన్న తేడాను పాఠమంతటా గుర్తుంచుకోండి.

2. చట్టానికి ముందు కొండ

కొండ మీద నిప్పు పెట్టే అలవాటు అటవీ శాఖ కంటే పాతది. కాపరి దృష్టిలో ముదిరిన గడ్డి మేతకు పనికిరాదు. దాన్ని కాలిస్తే దుబ్బు అడుగున వేరు బతికే ఉంటుంది కనుక తొలి వాన పడగానే లేత చిగురు వస్తుంది. పురుగు పుట్ర పోతుంది, దారి తెరుచుకుంటుంది. తూర్పు కనుమల్లో పోడు సేద్యం చేసేవారికి నిప్పు నాగలితో సమానం.

అయితే ఊళ్లో అందరి ప్రయోజనమూ ఒకటి కాదు. కొట్టం కప్పుకు బోద కోసుకునేవారికి, కట్టెలు, సీతాఫలాలు ఏరుకునేవారికి అదే నిప్పు నష్టం. కాబట్టి 'ప్రజలు నిప్పును సమర్థించారు' అనో, 'వ్యతిరేకించారు' అనో ఒక్క మాటలో తేల్చడం సరికాదు.

3. 1882 చట్టం – నిప్పుపై నిషేధం

1864లో డైట్రిచ్ బ్రాండిస్ భారతదేశపు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్‌గా నియమితుడయ్యాడు. రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకు, ఓడల నిర్మాణానికి కలప కావలసి ఉండడంతో అడవిని నిప్పు నుంచి కాపాడడం కొత్త శాఖకు ప్రధాన కర్తవ్యమైంది. 1878 నాటి భారత అటవీ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం వెంటనే అమలు చేయలేదు. రాష్ట్రంలోని అడవులు దాదాపు అన్నీ ఏదో ఒక గ్రామ పరిధిలోనివేనని, వాటిలో గ్రామస్థులకు హక్కులున్నాయని 1870లలో రెవెన్యూ బోర్డు వాదించడం ఇందుకు ఒక కారణం. చివరకు 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేసింది కూడా అదే సంవత్సరం.

ఈ చట్టంతో రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరమైంది. మేతకు పర్మిట్, రుసుము వచ్చాయి. 1878 చట్టంలో మరొక కఠిన నిబంధన ఉంది. ఉద్దేశపూర్వకంగానో, తీవ్ర నిర్లక్ష్యంతోనో రిజర్వు అడవిలో నిప్పు రేగితే, అక్కడి మేత హక్కులను, అటవీ ఉత్పత్తుల హక్కులను ప్రభుత్వం కొంతకాలం నిలిపివేయవచ్చు. అంటే తప్పు ఒకరిదైనా శిక్ష ఊరందరిదీ అవుతుంది. 1927 చట్టంలోనూ ఈ నిబంధన కొనసాగింది.

4. ప్రజల ప్రతిఘటన

అటవీ నిబంధనలపై ఫిర్యాదులు పెరగడంతో మద్రాసు ప్రభుత్వం 1913లో అటవీ కమిటీ ద్వారా విచారణ జరిపించింది. గ్రామాల అవసరాలు తీర్చే అడవులను పంచాయతీలకు అప్పగించాలన్న ఆలోచనకు ఇది దారితీసింది. సహాయ నిరాకరణోద్యమ కాలంలో అసంతృప్తి బాహాటమైంది. 1921లో గుంటూరు జిల్లా పల్నాడులోను, కడప జిల్లా రాయచోటి తాలూకాలోను అటవీ సత్యాగ్రహాలు జరిగాయి. పల్నాడులో పుల్లరి కట్టబోమన్న ఉద్యమానికి నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో మరణించాడు. అదే ఏడాది గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మొదలైన తిరుగుబాటుకు పోడుపై ఆంక్షలు ఒక ముఖ్య కారణం.

పల్నాటి పోరాటం నిప్పు కోసం జరిగింది కాదు, మేత కోసం జరిగింది. కాని నిప్పే ఆయుధమైన సందర్భమూ ఉంది. 1921 వేసవిలో హిమాలయ ప్రాంతమైన కుమావూఁలో ప్రజలు ప్రభుత్వ పైన్ అడవులను పెద్ద ఎత్తున తగలబెట్టారు. అంతకుముందు గడ్డి కోసం వాళ్లు ఏటా పెట్టుకునే నిప్పునే చట్టం నేరంగా మార్చింది. ఆ నేరాన్నే వాళ్లు నిరసనగా మార్చారు.

5. అధికారుల్లో వచ్చిన మార్పు

నిప్పును పూర్తిగా ఆపడం వల్ల కొన్ని అడవులు దెబ్బతిన్నాయని చివరకు అటవీ అధికారులే గ్రహించారు. బర్మా టేకు అడవుల్లోను, ఈశాన్య ప్రాంతపు సాల అడవుల్లోను కొత్త మొలకలు రావడం తగ్గింది. నేల మీద ఆకులు, ఎండుగడ్డి ఏళ్ల తరబడి పేరుకొని, ఒకసారి అంటుకుంటే ఆపలేనంత మంట అయ్యేది. చలికాలం చివర, తేమ పూర్తిగా ఆరకముందే తక్కువ మంటతో కాల్చే 'ముందస్తు దహనం' 1920ల నాటికి ఆమోదం పొందింది. గ్రామస్థుడు చేస్తే నేరమైన పని శాఖ చేస్తే శాస్త్రమైంది. ఈ వైరుధ్యం నేటి వివాదానికి మూలం.

6. ఇతర దేశాల అనుభవం

అమెరికాలో 1910 నాటి భారీ అగ్నిప్రమాదాల తరవాత ప్రతి మంటనూ ఆర్పాలన్న విధానం బలపడింది. 1963లో లియోపోల్డ్ నివేదిక జాతీయ పార్కుల్లో నిప్పుకు సహజమైన పాత్ర ఉందని గుర్తుచేసింది. తరవాత నియంత్రిత దహనం పెరిగింది, వ్యతిరేకత కూడా పెరిగింది. 2000 మే నెలలో న్యూ మెక్సికోలోని బాండెలియర్ రక్షిత ప్రాంతంలో పార్కు అధికారులు పెట్టిన నిప్పు అదుపు తప్పి లాస్ అలమోస్ పట్టణంలో సుమారు 400 కుటుంబాల ఇళ్లను కాల్చివేసింది. 2022లో అదే రాష్ట్రంలో అటవీ శాఖ పెట్టిన నిప్పులే పెరిగి, కలిసి, సుమారు 3.4 లక్షల ఎకరాలను దహించాయి. ఆ శాఖ దేశమంతటా 90 రోజులపాటు నియంత్రిత దహనాన్ని నిలిపివేయవలసి వచ్చింది.

అక్కడ మరొక వాదనా ఉంది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం నిర్జనారణ్యంలో మనిషి అతిథి మాత్రమే కాబట్టి అక్కడ మనిషి నిప్పు పెట్టడమే చట్ట స్ఫూర్తికి విరుద్ధమని కొందరంటారు. ఆ అడవులను ఆదివాసులు వేల ఏళ్లుగా కాలుస్తూనే ఉన్నారు, అవి ఎన్నడూ నిర్జనం కావని మరికొందరు బదులిస్తారు. ఆస్ట్రేలియాలోని కకాడు జాతీయ పార్కులో ఆదివాసుల ముందస్తు దహనం నిర్వహణలో భాగం.

7. రక్షిత ప్రాంతాలు – నేటి వివాదం

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 30వ సెక్షన్ అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని నిషేధించింది. కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్ట 1974లో అభయారణ్యమైంది. అక్కడి సోలిగలు ఏటా పెట్టే చిన్నపాటి ఆకుల నిప్పు ఆగిపోయింది. ఆ తరవాతే లాంటానా పొద అడవిని కమ్మేసిందని, ఉసిరిచెట్లపై బదనిక పెరిగిందని వారంటారు. కొందరు పర్యావరణ పరిశోధకులు వారి మాటను సమర్థించారు. ఇక 2014 మార్చిలో శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు మంటలార్పడానికి వైమానిక దళ హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అలాంటి సంఘటన చూసిన ప్రజలు 'నిప్పుతోనే నిప్పును ఆపుతాం' అంటే సులభంగా నమ్మరు. అది అజ్ఞానం కాదు, అనుభవం.

8. అనంతపురం పీఠభూమికి వర్తింపు

సోలిగల వాదనను చిలమత్తూరు కొండలకు యథాతథంగా అన్వయించవచ్చా? తొందరపడకండి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ నమ్మకం లేని వాన. గడ్డి కాల్చాక వాన రాకపోతే చిగురూ ఉండదు, పాత మేతా ఉండదు. బూడిద గాలికి పోయి, తొలి జడివానకు మట్టి కొట్టుకుపోతుంది.

ఈ సీమలోనే మరో మార్గం కనిపిస్తుంది. 1990లో చెన్నేకొత్తపల్లి వద్ద మొదలైన టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో ముష్టికోవెల తదితర గ్రామాలవారు కల్పవల్లి కొండలను కాపాడుకున్నారు. ఫైర్ లైన్లు తీయడం, కాపలా కాయడం, మంట లేస్తే ఆర్పడం గ్రామస్థుల పనే. మేత ఆగలేదు. చిలమత్తూరు మండలంలోని వీరాపురంలో ఏటా వచ్చే ఎర్రకాళ్ల కొంగలను ఊరివారు శుభసూచకంగా భావించి, చింతచెట్లపై గూళ్లను కాపాడుతున్నారు. నిర్ణయంలో భాగం ఉన్నచోట కాపలాలోనూ భాగం ఉంటుంది.

1992 నుంచి వచ్చిన వన సంరక్షణ సమితులు, 2006 అటవీ హక్కుల చట్టం ఈ భాగస్వామ్యానికి చట్టపరమైన దారి చూపాయి. నిప్పు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నది శాస్త్రం చెప్పగలదు. ఎవరు నిర్ణయించాలి, అదుపు తప్పితే ఎవరి మేత, ఎవరి కొట్టం పోతుంది అన్నవి రాజకీయ ప్రశ్నలు. వీటికి జవాబు దొరకనంతకాలం వ్యతిరేకత తగ్గదు.

9. సారాంశం

గ్రామస్థులు వాడుకున్న నిప్పును 1882 చట్టం నేరంగా మార్చింది. ప్రజలు ఆ నిషేధాన్ని వ్యతిరేకించారు. తరవాత ప్రభుత్వమే నిప్పును సాధనంగా స్వీకరించింది. ఇప్పుడు దాన్నీ అనేకులు శంకిస్తున్నారు. పైకి రెండూ విరుద్ధంగా కనిపించినా రెంటిలోనూ ఉన్న ఫిర్యాదు ఒక్కటే: మా కొండ మీద నిర్ణయం మమ్మల్ని అడగకుండా జరుగుతోంది.

10. నమూనా ప్రశ్నలు

అ) 1882 మద్రాసు అటవీ చట్టం గ్రామీణ జీవితంపై చూపిన ప్రభావాన్ని వివరించండి.
ఆ) అటవీ అధికారులు ముందస్తు దహనాన్ని ఆమోదించడానికి గల కారణాలేవి?
ఇ) మీ ఊరి కొండ మీద గడ్డి కాల్చాలని ప్రతిపాదన వస్తే ఎవరెవరు లాభపడతారు, ఎవరెవరు నష్టపోతారు? గ్రామంలోని పెద్దలను, కాపరులను, కట్టెలు తెచ్చుకునే స్త్రీలను అడిగి ఒక పుట రాయండి.